కింద నుంచి చూస్తే ప్రదక్షిణమే

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. ఎవరైనా వినిపించుకోవడం మొదటిసారి అవుతుందేమోనన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు. ఉమాపతి గారికి ఎన్నో ఉత్తరాలు రాశాను. మొదట ఇన్‌లాండు కవర్ల మీద, ఆ తర్వాత అందినట్టు రశీదు వెనక్కి వచ్చేలా రిజిస్టర్ పోస్టులో. రశీదులు వచ్చాయి, వాటి మీద వాళ్లింట్లో ఎవరివో సంతకాలు కూడా ఉన్నాయి, జవాబు మాత్రం రాలేదు. ఒక సినిమా పత్రికకి రాస్తే 'పరిశీలిస్తున్నాం' అని కార్డు వచ్చింది. ఆ పరిశీలన ఇంకా పూర్తయినట్టు లేదు. ఆదివారాలు రిమోట్ విమానాలు ఎగరేసే సంఘం వాళ్లకి రాస్తే సభ్యత్వం పునరుద్ధరించుకోమని ఫారం పంపారు. పోయిన నెల ఉమాపతి గారికి సన్మానం జరిగిందట. ఆ సందర్భంగా వేసిన పుస్తకం నాకెవరూ పంపలేదు. మా వీధి చివర జిరాక్సు షాపులో ఎవరో మర్చిపోయి వెళ్తే చూశాను. అందులో ఒక ఫోటో. నేల మీద పీట, పీట మీద హెలికాప్టరు, దాని ముక్కుకి కుంకుమ బొట్టు, వెనకాల నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్న ఉమాపతి గారు. 'తన హెలికాప్టరుతో ఉమాపతి గారు' అని కింద అచ్చు వేశారు. ఆ హెలికాప్టరు నాది. ఫోటో అంచున ఒక చొక్కా చెయ్యి, ఆ చేతిలో రిమోట్ పెట్టె మూల కనిపిస్తున్నాయే, ఆ చెయ్యీ నాదే. మిగతా నన్ను కత్తిరించేశారు.

పుస్తకం పట్టుకుని జూబ్లీహిల్స్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. ఒకప్పుడు ఆ ఇంటికి గేటు కూడా ఉండేది కాదు, రెండు బండరాళ్ల మధ్య నుంచి నడిచి నేరుగా వరండాలోకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు గేటు, గేటుకో గది, గదిలో ఫోను పెట్టుకుని ఒక వాచ్‌మన్. నా పేరు రెండుసార్లు చెప్పించుకుని లోపలికి ఫోన్ చేసి, అవతలి మాట విని, పెట్టేసి నావైపు తిరిగాడు. "సార్ చూద్దామన్నారండీ" అన్నాడు. తెలియనివాళ్లు ఆ మాట విని ఆశ పెట్టుకుంటారు. మా సినిమా వాళ్లలో 'కుదరదు' అన్న మాట నోటి వెంట రాకూడదు, అపశకునం. అందుకని కుదరనివన్నీ 'చూద్దాం' అవుతాయి. వేషం లేదనడానికి చూద్దాం, నిన్ను మాన్పించామనడానికి చూద్దాం. ఇది తెలిసి కూడా నా జీవితంలో ఒకే ఒక్కసారి ఆ మాటని 'సరే' అని అర్థం చేసుకున్నాను. దాని ఫలితమే ఈ అధ్యాయం.

అప్పట్లో మేము మధురానగర్‌లో ఒక ఇంటి వెనక భాగంలో అద్దెకి ఉండేవాళ్లం. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో రుబ్బురోలు, నీళ్లు వచ్చే ఆ అరగంట కోసం వరసగా పెట్టిన బిందెలు. నాన్న ప్రొడక్షన్ మేనేజరు. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివస్తుంటే దాని సామాన్లతో పాటు మేమూ వచ్చి ఇక్కడ పడ్డాం. తెల్లారుతూనే కంపెనీ కారు వీధి మలుపులో హారన్ కొట్టేది. నాన్న అప్పటికే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం దోపుకుని సిద్ధంగా ఉండేవాడు. గడప దాటేటప్పుడు కుడికాలు ముందు పెట్టాలి, ఎవరూ తుమ్మకూడదు, 'ఎక్కడికి' అని అడగకూడదు. ఎవరైనా తుమ్మితే వెనక్కి వచ్చి కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి, మళ్లీ కుడికాలితో బయలుదేరేవాడు. ఇంగ్లీషు వాళ్లు సెంటిమెంట్ అనే మాటని దేనికి వాడతారో నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం దీన్నే సెంటిమెంట్ అనేవాళ్లు. అమ్మ ఇవేవీ పట్టించుకునేది కాదు, ఎదురు చెప్పేదీ కాదు. తుమ్ము వస్తే పెరట్లోకి వెళ్లి తుమ్మి వచ్చేది.

నేను ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రివ్యూ థియేటర్లో ప్రొజెక్టర్ నడిపేవాణ్ణి. పూర్తయిన సినిమాలు, సగం పూర్తయినవి, ఎప్పటికీ పూర్తి కానివి, అన్నీ ఆ చిన్న గది కిటికీలోంచి చూశాను. బయట అంతా రాళ్లు. రాళ్ల మధ్య సీతాఫలం పొదలు, అక్కడక్కడా ఎవరో కట్టి వదిలేసిన సెట్టు గోడలు. ఆదివారం పొద్దున ఆ రాళ్ల అవతల చదునుగా ఉన్న చోట నలుగురైదుగురు రిమోట్ విమానాలు ఎగరేసేవాళ్లు. ఉమాపతి గారిని అక్కడే చూశాను. ఆయన ట్రిక్ షాట్లు తీసే కెమెరామన్, అప్పటికే పేరున్నవాడు. వాళ్లలో హెలికాప్టరు ఉన్నది ఆయన ఒక్కరికే. అది గాల్లో ఒకేచోట నిలబడేది. విమానం ముందుకు పోకపోతే పడిపోతుంది, ఇది పడిపోకుండా మన కళ్ల ఎదుట నిలబడి మనల్ని చూస్తున్నట్టుండేది. నాకు మరింకేదీ వద్దనిపించింది. ఒకాయన దగ్గర పాత చిన్న హెలికాప్టరు కొని నేర్చుకోవడం మొదలుపెట్టాను. దాని రెక్కలు ఒకే వాలులో బిగించి ఉండేవి. పైకి లేవాలంటే ఇంజను గట్టిగా తిరగాలి, దిగాలంటే నెమ్మదించాలి. ఇంజను విన్నప్పుడు లేచేది, గాలి వేస్తే ఎటో పోయేది. కింద పడి విరక్కుండా దాని కాళ్లకి వెదురు బద్దలు అడ్డంగా కట్టి, బద్దల చివర ప్లాస్టిక్ బంతులు గుచ్చాను. రెండు సంవత్సరాలు పట్టింది దాన్ని మోకాలెత్తున కదలకుండా నిలబెట్టడానికి.

దాని ఇంధనంలో ఆముదం కలపాలి. స్పిరిటూ ఆముదమూ కలిసి కాలిన ఆ పొగ వాసన ఇప్పుడు తగిలినా నాకు కళ్లు చెమరుస్తాయి. అమ్మ తలకి రాసుకునే సీసాలోంచి కొంత వంపుకునేవాణ్ణి. ఇంటి ఆముదంతో ఇంజనుకి మసి పట్టేది గాని, దుకాణంలో దొరికే శుద్ధి చేసిన ఆముదం నాకు అందుబాటులో లేదు. నా బట్టలు, పక్క, పుస్తకాలు, అన్నీ ఆ వాసనే. "బాలింతరాలి గదిలా ఉందిరా నీ గది" అనేది అమ్మ. "పిల్ల ఎక్కడరా?" అనేది. నేను హెలికాప్టరు చూపించేవాణ్ణి. "దిష్టి తీయించు" అని నవ్వుతూ వెళ్లిపోయేది.

ఆ సమయంలో నాన్న పనిచేస్తున్న కంపెనీ పాట తీయడానికి సింగపూర్ వెళ్తోంది. అక్కడ మంచి హెలికాప్టర్లు దొరుకుతాయని మాకు తెలుసు. నాన్న ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. నా కోసం మొదటిసారి ప్రొడ్యూసరు గారి దగ్గర నోరు తెరిచాడు. ఆయన ఆలోచించి, యూనిట్ పెట్టెల్లో తెప్పిస్తానని, అయితే తన సినిమాలో విలన్ హెలికాప్టరు కొండల మధ్య ఎగిరే షాట్‌కి దాన్నే వాడాలని, ఎగరేసేది కూడా నేనే కావాలని అన్నాడు. నాన్న ఇంటికొచ్చి ఈ మాట చెప్తుంటే ఆయన గొంతులో కొత్త గర్వం వినిపించింది. "ఒరేయ్ రమణా, టైటిల్స్‌లో నీ పేరు వేయమని కూడా అడిగాన్రా" అన్నాడు. "ఏమన్నారు?" అని అడిగాను. నాన్న చొక్కా విప్పుతూ, "చూద్దామన్నారు" అన్నాడు. ప్రొజెక్టర్ గది కిటికీలోంచి పక్కవాళ్ల పేర్లు చూసీ చూసీ ఉన్నవాడికి అది ఎలాంటి అవకాశమో వేరే చెప్పక్కర్లేదు. తెచ్చేది ఒక్కటే. అదే చివరిది కూడా. అందుకని ఏది తెప్పించాలన్నదే నాకు జీవన్మరణ సమస్య అయింది.

హెలికాప్టర్ల బొమ్మలున్న కాటలాగు ఒకటి ముందేసుకుని కూర్చునేవాణ్ణి. ఎంపికకి వచ్చినవి రెండు, ఒకటి జపానుది, ఒకటి జర్మనీది. రెండూ పెద్ద తరగతివే. వీటిలో ఇంజను వేగం ఒకేలా ఉండగానే రెక్కల వాలు మారుతుంది, అందుకని చెప్పిన మాట వెంటనే వింటాయి. తోక ఊగిసలాడకుండా పట్టి ఉంచే జైరో రెండింటికీ ఉంది. జపానుది తేలిక, సామాన్లు మద్రాసులో ఒక దుకాణంలో దొరుకుతాయి, ఉమాపతి గారిదీ అదే. జర్మనీదాని లోహం మెరుగు, ఇంజను పెద్దది, గాలికి తొణకదని పేరు, కానీ సామాన్లు మన దేశంలో ఎక్కడా లేవు. ఇంకో తేడా ఉంది. బొమ్మల పక్కన బాణం గుర్తులు చూస్తే, జపానుదాని రెక్కలు పైనుంచి చూసినప్పుడు కుడివైపుకి, గుడి చుట్టూ మనం తిరిగినట్టు తిరుగుతాయి. జర్మనీదానివి దానికి ఎదురు.

బోరబండలో లేతు మిషన్ పెట్టుకున్న యాదగిరి అని నాకొక స్నేహితుడు. నా పాత హెలికాప్టరుకి విరిగిన ఇరుసులన్నీ అతనే చేసిచ్చాడు. కాటలాగు తిరగేసి, నూనె వేళ్ల గుర్తులు దాని మీద పెట్టి, "గింత సోచాయించుడు ఏందన్నా? జపాన్‌ది తీస్కో" అన్నాడు.

"జర్మనీది గట్టిది యాదగిరీ."

"గట్టిది గానీ. ఇరిగితే యాడికెల్లి తెస్తవ్? జర్మనీ పోతవా? బస్సు ఉన్నదా గాడికి? ఉమాపతి సార్ కాడ జపాన్‌ది ఉన్నది, ఇద్దరిదీ ఒక్క తీరుంటే ఆయనది జూసి నీది జేస్త, నీది జూసి ఆయనది జేస్త. ఫికర్ ఉండదు."

అంతకంటే తెలివైన మాట ఆ విషయంలో ఇంకెవరూ చెప్పలేదు. మొదటిసారి పెద్ద హెలికాప్టరు కొనేవాడు చూడవలసింది అదొక్కటే, పక్కవాడి దగ్గర ఏది ఉందో, విరిగితే ఎక్కడ దొరుకుతుందో. ఇప్పుడు నేను ఎవరికైనా అదే చెప్తాను. నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరనేది వేరే సంగతి.

తుది మాట ఉమాపతి గారిదే అనుకుని ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఫ్యాను కింద పడక్కుర్చీలో పడుకుని ఉన్నారు. "ఏమయ్యా రమణమూర్తీ, ఆ పుస్తకం పంచాంగం కంటే ఎక్కువ నలిగిపోయిందే" అన్నారు. రెండు పేజీలూ చూపించి ఏది తెప్పించమంటారని అడిగాను. ఆయన చాలాసేపు చూశారు.

"ప్రొడ్యూసరు సెంటిమెంట్లు తెలుసుగా" అన్నారు. "పోయిన సినిమాలో గుర్రబ్బండి చక్రం తెర మీద వెనక్కి తిరిగినట్టు కనబడిందని ఆ సీనే ఎత్తించేశాడు. ఇది అప్రదక్షిణంగా తిరిగిందో, నిన్ను దగ్గరికి కూడా రానివ్వడు."

"అయితే జపానుదే కదండీ? ప్రదక్షిణమే. మీదీ అదే."

"పైనుంచి చూస్తే." వేలెత్తి ఫ్యాను చూపించారు. "హెలికాప్టర్ని పైనుంచి ఎవడు చూస్తాడయ్యా? నేల టిక్కెట్టువాడు ఎప్పుడూ కింద నుంచి పైకే చూస్తాడు. మనం తీసేది వాడి కోసం. కింద నుంచి చూసి కొను."

కాటలాగు తలకి పైన ఎత్తి పట్టుకుని, బాణం గుర్తుని కింద నుంచి ఊహించుకున్నాను. జర్మనీది ప్రదక్షిణమైంది. నాకు నిజంగా ఒళ్లు గగుర్పొడిచింది. "అయితే జర్మనీదే అంటారా?" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. ఇష్టంలేని ప్రశ్న వస్తే ఆయనకది అలవాటు. "చూద్దాం" అన్నారు. నేను దాన్ని సరే అనుకున్నాను. గొప్పవాళ్ల దగ్గర మనం మన భాష కూడా మర్చిపోతాం.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో పిండి రుబ్బుతోంది. పొత్రం తిరుగుతుంటే ఎడమచేత్తో పిండి లోపలికి తోస్తోంది. ఇలా కింద నుంచి చూడాలట, అందుకని జర్మనీది తెప్పిస్తున్నానని ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపకుండా విన్నది.

"ప్రదక్షిణం ఎవరి కోసంరా?" అంది.

"దేవుడి కోసం."

"మరి ఆయన ఎక్కడ నుంచి చూస్తాడు? పైనుంచే కదట్రా?"

నేను జవాబు చెప్పలేదు. 'నీకు తెలీదులే అమ్మా' అని కూడా అనలేదు, అది కాస్త నయం. గదిలోకి వెళ్లి, నాన్నకి ఇవ్వడానికి జర్మనీదాని పేరూ నంబరూ కాగితం మీద రాశాను.

సింగపూర్ నుంచి పెట్టె వచ్చింది. దాన్ని బిగించడానికి నెలన్నర పట్టింది. రోజూ పని అయిపోయాక యాదగిరి షెడ్డుకి వెళ్లేవాణ్ణి. అతను పెట్టె తెరిచి చూసి, ఒక్కో పళ్లచక్రాన్నీ వెలుతురులోకి ఎత్తి చూసుకున్నాడు. "పని మంచిగ జేసిండ్రు. నేనైతే గిట్ల జెయ్యలేను" అన్నాడు. అది మెచ్చుకోలో హెచ్చరికో నాకు అప్పుడు తెలియలేదు. నా కష్టం ఇంకోటి. ఇంజను ఊపందుకోగానే పాతదాని తోక ఒకవైపు లాగేది, దీని తోక రెండోవైపు లాగుతుంది. రెండేళ్లుగా నా వేళ్లు నేర్చుకున్నదంతా తలకిందులైంది. కుడిచేత్తో రాసేవాడిని ఎడమచేత్తో సంతకం పెట్టమన్నట్టు. ఎవరినైనా అడుగుదామంటే ఊళ్లో ఇలాంటిది ఇంకొకటి లేదు. మోకాలెత్తున నిలబెట్టగలిగాను, ఇంకా పైకి ముహూర్తం నాడు లేపుదామని ఆగాను. కొత్త వాహనం దేవుడికి చూపించకముందు దూరం పోనివ్వం కదా.

ఆ షాట్‌కి ఫిల్మ్ నగర్ వెనక రాళ్ల మధ్యే ముహూర్తం పెట్టారు. పొద్దున్నే పీట వేసి, దాని మీద హెలికాప్టరు పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కాళ్ల కింద నిమ్మకాయలు ఉంచారు. ఒక రెక్క చివర నేను ఎర్రరంగు వేశాను, ఎటు తిరుగుతోందో స్పష్టంగా కనబడాలని. అంత తెలివి. ప్రొడ్యూసరు గారు, పంతులు గారు, యూనిట్ వాళ్లు చుట్టూ నిలబడ్డారు. కెమెరా దగ్గర ఉమాపతి గారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కొబ్బరికాయ పట్టుకుని ఉన్నాడు. ఇంజను అందుకుంది, ఆముదం పొగ కర్పూరం వాసనతో కలిసింది. పంతులు గారు నాలుగడుగుల దూరం నుంచి హారతి పళ్లెం తిప్పడం మొదలుపెట్టారు. అప్పుడే రెక్కలు మెల్లగా కదిలాయి. హారతి ఇటు తిరుగుతోంది. ఎర్ర చివర అటు తిరుగుతోంది.

పంతులు గారి చెయ్యి ఆగిపోయింది. "అదేమిటండీ, ఇది అప్రదక్షిణంగా తిరుగుతోంది?" అన్నారు.

అందరూ వంగి చూశారు. పీట మీద ఉన్నదాన్ని అందరూ పైనుంచే కదా చూస్తారు. నెలల తరబడి ఆలోచించిన నాకు ఈ ఒక్క సంగతి తట్టలేదు.

"ఆపండి, ముందు ఆపండి" అన్నాడు ప్రొడ్యూసరు.

"కింద నుంచి చూస్తే ప్రదక్షిణమే అండీ" అన్నాను.

"కింద నుంచి చూడ్డానికి మేమంతా పడుకోవాలా ఏంటయ్యా?"

నవ్వారు. లైట్లవాళ్ల దగ్గర నుంచి మేకప్‌వాళ్ల దాకా నవ్వారు, ఎవరెవరు నవ్వారో ఈ రోజు కూడా పేర్లు చెప్పగలను. "ఒక్క నిమిషం సార్, పైకి లేపుతాను, తల ఎత్తి చూడండి, ఒక్క నిమిషం" అని నేను బతిమాలుతూనే ఉన్నాను.

"ఇలాంటిది తెప్పించమని ఎవరు చెప్పారు నీకు?"

"ఉమాపతి గారే చెప్పారండీ. కింద నుంచి చూసి కొనమన్నారు."

అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. పుస్తకంలో వేసిన ఫోటో సరిగ్గా ఆ క్షణానిది. స్టిల్ ఫోటోగ్రాఫరుకి అది మంచి ఫోటో అనిపించి ఉంటుంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, కెమెరా వైపు తిరిగారు. ప్రొడ్యూసరు నన్ను వదిలేసి నాన్నవైపు చూసి, "చూద్దాం లెండి" అన్నాడు. ఆ మాటకి అర్థం నాన్నకి తెలుసు. కొట్టని కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నా వేళ్లతో నేనే ఇంజను ఆపాను. లేపి ఉండవలసింది. ఎవరేమన్నా సరే లేపి ఉండవలసింది, ఒక్కసారి వాళ్ల తలల మీదుగా పోనిచ్చి ఉండవలసింది. రెక్కలు ఆగడానికి చాలాసేపు పట్టింది.

పది రోజుల తర్వాత ఆ షాట్ ఉమాపతి గారి జపాను హెలికాప్టరుతోనే తీశారు. ఎగరేసింది కూడా ఆయనే. నాన్నని ఆ కంపెనీ మళ్లీ పిలవలేదు. కారు హారన్ వినిపించని పొద్దులు మొదలయ్యాయి. ఆయన మాత్రం అదే వేళకి లేచి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని కూర్చునేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, జవాబు చెప్పి ఉండేవాణ్ణి. ఫిల్మ్ నగర్ టీకొట్టు దగ్గర నా పేరు 'అప్రదక్షిణం' అయింది. "అప్రదక్షిణం గారొచ్చారు, టీ గ్లాసు ఎటునుంచి ఇవ్వమంటారో కనుక్కోండ్రా" అనేవాళ్లు. రమణమూర్తి అనే పేరు జీతం రిజిస్టర్లో మిగిలింది.

ఆ సినిమా ప్రివ్యూకి రీళ్లు నడిపింది నేనే. ఎనిమిదో రీల్లో ఆ షాట్ వచ్చింది. కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూశాను. కొండల మధ్య నుంచి హెలికాప్టరు లేచింది, కెమెరా కింద నుంచి పైకి చూస్తోంది. రెక్కలు దాదాపు నిలబడిపోయి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఇటు కదిలి, ఇంజను వేగం మారేసరికి ఆగి, అటు కదిలాయి. సినిమా అంటే సెకనుకి ఇరవైనాలుగు బొమ్మలు. తిరిగే వస్తువు ఒక్కో బొమ్మలో ఎక్కడ దొరికితే అటు తిరిగినట్టు కనబడుతుంది, గుర్రబ్బండి చక్రం వెనక్కి తిరిగినట్టు. తెర మీద ఏ హెలికాప్టరుకీ ప్రదక్షిణం లేదు, అప్రదక్షిణం లేదు. హాల్లో ప్రొడ్యూసరు చప్పట్లు కొట్టాడు. ఎవరూ ఏమీ గమనించలేదు. ఈ సంగతి ప్రొజెక్టర్ తిప్పే నాకే తెలిస్తే, జీవితమంతా ట్రిక్ షాట్లు తీసిన మనిషికి తెలియదా? తెలిసే ఆ రోజు ఫ్యాను వైపు వేలు చూపించారా? ఊళ్లో రెండో జపాను హెలికాప్టరు ఉండకూడదనా? లేక ఫ్యాను కింద పడుకుని ఏదో నోటికి వచ్చింది అని, ఆ సాయంత్రానికే మర్చిపోయారా? ఈ రెండింట్లో ఏది నాకు ఎక్కువ అవమానమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాత ఒక ఆదివారం ఎవరూ లేని చోట దాన్ని లేపాను. నడుమెత్తు దాకా వచ్చింది, గాలి విసిరింది, నా వేళ్లు పాత అలవాటు ప్రకారం ఎదురుగా నొక్కాయి. రాతికి తగిలి ఒక పళ్లచక్రం పళ్లు రాలిపోయాయి. అరచేతిలో పట్టేంత చక్రం. మద్రాసులో లేదు, జర్మనీకి రాస్తే జవాబు లేదు. యాదగిరి ఇత్తడితో ఒకటి చేశాడు, తిరుగుతూ తిరుగుతూ కరకరలాడి అదీ అరిగింది. ఇంకొకటి చేశాడు. మూడోదాని దగ్గర "నాతోని గాదన్నా, మాఫ్ జెయ్" అన్నాడు. 'చెప్పిన గద' అనే హక్కు అతనికి ఒక్కడికే ఉంది, అతనొక్కడే అనలేదు. ఆ హెలికాప్టరు నా నడుము దాటి ఎప్పుడూ ఎగరలేదు. దాన్ని కింద నుంచి ఎవరూ చూడలేదు. నేను కూడా.

ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో రాళ్లు లేవు, సీతాఫలం పొదలు లేవు. ప్రివ్యూ థియేటర్ ఉన్నచోట కాఫీ అమ్ముతున్నారు. సినిమా ముహూర్తాలకి, పెళ్లిళ్లకి, పుట్టినరోజులకి కూడా నాలుగు రెక్కల డ్రోన్లు తిరుగుతున్నాయి. మొన్న ఒక ఫంక్షన్ హాలు ముందు నిలబడి చూశాను. నాలుగింట్లో రెండు ఇటు తిరుగుతాయి, రెండు అటు. అలా తిరిగితేనే అది నిలబడుతుంది. పంతులు గారు దాని కిందే నిలబడి మంత్రాలు చదువుతున్నారు, తల ఎత్తి కూడా చూడలేదు. కొనేవాడు ఏ ఇంజను, ఏ రెక్క, ఏ దిక్కు అని కూడా ఆలోచించడట, పెట్టె విప్పి ఎగరేయడమేనట. మేము ఏ దిక్కు కోసం నవ్వులపాలయ్యామో అది ఎవరికీ లెక్కలేనిదైపోయింది, మా నవ్వులపాటు మాత్రం అలాగే ఉంది. నాన్న పోయాడు. ప్రొడ్యూసరూ పోయాడు. పంతులు గారు ఎక్కడున్నారో తెలియదు. అమ్మ చివరి రోజుల్లో ఒకసారి నా చెయ్యి వాసన చూసి, "ఆముదం వాసన పోయిందిరా" అంది. రోలు దగ్గర ఆవిడ అడిగిన ప్రశ్నకి నేను జవాబు బాకీ ఉన్నాను. 'అవునమ్మా, పైనుంచే' అని ఒక్క మాట. చెప్పడానికి చాలా ఏళ్లే దొరికాయి, చెప్పలేదు. జవాబు చెప్పనివాళ్ల మీద ఇంత రాస్తున్నవాణ్ణి, ఇది దాచుకుంటే న్యాయం కాదు.

ఆవిడ విషయంలో ఇక నేను చేయగలిగింది లేదు. కానీ ఉమాపతి గారూ, మీరు ఉన్నారు. కళ్లు బాగానే కనబడుతున్నాయని మీ వాచ్‌మనే చెప్పాడు, కాబట్టి ఇది చదువుతారు. పేరు వేయమని అడగడం లేదు, ఫోటో కింద అక్షరాలు దిద్దమని కూడా అడగడం లేదు. క్షమాపణ నాకు అక్కర్లేదు, దాన్ని పెట్టుకునే చోటు కూడా ఇంట్లో లేదు. ఆ ఆదివారం ఫ్యాను కింద మీరు నాతో 'కింద నుంచి చూసి కొను' అన్నారా, లేదా? అవుననండి, లేకపోతే కాదనండి. కళ్లద్దాలు తీయకండి. చూద్దాం అనకండి. నేను చూసింది చాలు, మీరు చెప్పండి.